నాలుగో పూట

ఓడ ఎక్కేముందు చెప్పులు విప్పమన్నారు.

ఏథెన్స్ నగరాన్ని ఆనుకుని పిరేయస్ రేవు ఉంది. అందులో పెద్ద ఓడలు ఆగేచోటు వేరు. మేం వెళ్ళింది జియా అనే చిన్న గుండ్రటి రేవుకి. జూలై నెల, మధ్యాహ్నం మూడున్నర. ఒడ్డుకీ ఓడకీ మధ్య ఓ సన్నటి పలక, అటూ ఇటూ పట్టుకోవడానికి తాళ్ళు. పలక మొదట్లో ఓ పేము బుట్ట, దాని నిండా దొరల బూట్లు. ఓడ పైతట్టు అంతా టేకు చెక్క, గీతలు పడకూడదట. నేను చెప్పులు బుట్టలో పెట్టి, మళ్ళీ ఎవరైనా వేసుకుపోతారేమోనని వాటిని అడుక్కి తోశాను. అలవాటు. మా ఆవిడ వెనకనుంచి మెల్లగా అంది: "కుడికాలు ముందు పెట్టండి."

నాకు అరవై ఎనిమిదేళ్ళు. కోనసీమలో ఓ డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు సంస్కృతం చెప్పి రిటైరయ్యాను. మా నలభయ్యో పెళ్ళిరోజుకి జర్మనీలో ఉన్న మా అమ్మాయి, అల్లుడు కలిసి ఈ వారం రోజుల ప్రయాణం కొనిపెట్టారు. ఎంతయిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఎక్కేవాణ్ణి కాదు. ఇప్పుడు ఏడు వేల పైచిలుకు జనాన్ని మోసే క్రూయిజ్ ఓడలున్నాయి. ఇది అలాంటిది కాదు, యాట్ అంటారు. ప్రయాణికులం ముప్ఫై నలుగురం, పనివాళ్ళు పద్ధెనిమిది మంది. ఎక్కగానే చల్లటి తడి తువ్వాలు ఇచ్చారు, పొడుగాటి గ్లాసులో నిమ్మరసం ఇచ్చారు, పాస్‌పోర్టులు తీసుకుని దాచారు. తర్వాత ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి పరిగెత్తాలో చూపించి, నారింజ రంగు జాకెట్లు తొడిగించి, పేర్లు పిలిచి లెక్కపెట్టారు. జంధ్యం మీద ఆ జాకెట్టు వేసుకుని నిలబడ్డప్పుడు మా తాతయ్య గుర్తొచ్చాడు.

గుర్తు రావడానికి కారణం ఉంది. బౌధాయన ధర్మసూత్రాల్లో ఒక తమాషా లెక్క ఉంది. దక్షిణాది వాళ్ళకి కొన్ని వింత ఆచారాలు, ఉత్తరాది వాళ్ళకి కొన్ని అని ఆయన విడివిడిగా రాశాడు. మన దక్షిణాది జాబితాలో మేనమామ కూతుర్ని పెళ్ళాడటం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం ఉన్నాయి. ఉత్తరాది జాబితాలో ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, ఆయుధాలు పట్టి బతకడం, సముద్రం మీద ప్రయాణించడం ఉన్నాయి. ఎవరి దేశంలో వాళ్ళు చేస్తే చెల్లిపోవచ్చేమోగాని ఒకరిది ఇంకొకరు చేస్తే తప్పేనని అక్కడి చర్చ. మా ఆవిడ మా మేనమామ కూతురు. చద్దన్నం నాకిష్టం. ఆ పలక దాటడంతో ఉత్తరాది ఖాతాలోది కూడా ఒకటి నా పేరున పడింది.

అదే గ్రంథం మరోచోట, మనిషిని పతితుణ్ణి చేసే పనుల్లో మొట్టమొదటిదిగా సముద్రయానాన్నే చెప్పింది. దానికి ప్రాయశ్చిత్తం కూడా చెప్పింది. ప్రతి నాలుగో పూట మాత్రమే కొద్దిగా తినాలి. రోజుకి మూడుసార్లు స్నానం చేయాలి. పగలంతా నిలబడాలి, రాత్రంతా కూర్చోవాలి. ఇలా మూడేళ్ళు చేస్తే దోషం పోతుంది. నేను క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. ఓడ ఎక్కాక నాకూ నవ్వొచ్చింది. ఎందుకంటే ఇక్కడ ప్రతి రెండు గంటలకీ ఎవరో ఒకరు పళ్ళెం పట్టుకుని ఎదురొస్తున్నారు, నిలబడదామంటే ఎక్కడ చూసినా మెత్తటి కుర్చీలే.

మనువు ఇంకాస్త గట్టిగా మాట్లాడాడు. శ్రాద్ధానికి పిలవకూడని వాళ్ళ జాబితాలో, ఇల్లు తగలబెట్టినవాడు, విషం పెట్టినవాడు ఉన్న శ్లోకంలోనే సముద్రం దాటినవాణ్ణీ కూర్చోబెట్టాడు. తర్వాతి కాలంలో, కలియుగంలో విడిచిపెట్టాల్సిన పనులకి కలివర్జ్యాలని ఒక చిట్టా వేశారు. దాని ప్రకారం సముద్రం దాటిన ద్విజుడు ప్రాయశ్చిత్తం చేసుకున్నా సరే, తిరిగి కలుపుకోకూడదు. అంటే బౌధాయనుడు తెరిచి ఉంచిన తలుపు కూడా మూసేశారన్నమాట. రోజులు గడిచేకొద్దీ శాస్త్రం మెత్తబడుతుందనుకుంటాం. ఈ విషయంలో తిరగబడింది.

మా తాతయ్య శ్రాద్ధాల్లో పిలిచి భోజనం పెట్టే భోక్తగా పేరున్నవాడు. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఎవరింట ఆబ్దికమైనా ఆయనకి కబురు వచ్చేది. ఆయన తమ్ముడు రంగంలో, అదే రంగూన్‌లో, ఓ ధాన్యం మిల్లులో గుమాస్తాగా ఆరేళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆ చిన్నతాతయ్యకి వసారాలో విడిగా విస్తరి వేసేవారు. ఎవరూ కసరలేదు, తిట్టలేదు. వడ్డనలో లోటు చేయలేదు. పంక్తి మాత్రం వేరు, అంతే. ఆయన పోయేదాకా అలాగే సాగింది. మా పాలేరు కూడా రంగం వెళ్ళొచ్చినవాడే, ఓడరేవులో మూటలు మోసి వచ్చాడు. ఆయన దున్ని, కోసి, నూర్చిన ధాన్యమే మా గాదెలో పోసేవారు. రంగం వెళ్ళొచ్చిన పాలేరు పండించిన అన్నం తాతయ్య తిన్నాడు. రంగం వెళ్ళొచ్చిన తమ్ముడి పక్కన కూర్చుని తినలేదు. పదేళ్ళ వయసులో నాకిందులో తిరకాసు కనపడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ధర్మశాస్త్రం చెప్పినప్పుడూ దీన్ని ఒక ప్రశ్నగా ఎప్పుడూ బోర్డు మీద రాయలేదు.

ఈ నియమం అందరినీ ఒకేలా పట్టుకోలేదు. 1888లో గాంధీ లండన్ బయల్దేరితే బొంబాయిలో కులపెద్దలు వెలివేశారు. తిరిగొచ్చాక అన్నగారు ఆయన్ని నాసిక్ తీసుకెళ్ళి నదీస్నానం చేయించి, రాజ్‌కోట్‌లో కులభోజనం పెట్టించారు. అదంతా తనకి నచ్చలేదని గాంధీయే రాసుకున్నాడు. నాసిక్‌లో నది అంటే మా గోదావరే. అక్కడ సముద్రదోషం కడిగిన నీళ్ళు దిగువకి వచ్చి, అంతర్వేది దగ్గర నిమ్మళంగా సముద్రంలోనే కలుస్తాయి. మాఘమాసంలో అక్కడ సాగరసంగమ స్నానం చేస్తే పుణ్యమని మా తాతయ్యే మమ్మల్ని తీసుకెళ్ళేవాడు. 2008లో ఉడుపి కృష్ణుడి గుడిలో పూజ చేసే వంతు, అంటే పర్యాయం, పుత్తిగె మఠం స్వామివారికి వచ్చినప్పుడు, ఆయన విదేశాలు వెళ్ళొచ్చారు కాబట్టి కృష్ణుణ్ణి తాకకూడదని మిగతా మఠాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. అంటే ఇది చచ్చిన పాము కాదు. అదే దేశంలో 1244లో కాకతీయ గణపతిదేవుడు చీరాల దగ్గరి మోటుపల్లిలో సముద్ర వ్యాపారులకి అభయశాసనం వేయించాడు. గాలివానకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాతి మీద చెక్కించాడు. సముద్రం మీద వెళ్ళేవాడి విషయంలో పండితుడికి కనపడిన ధర్మం ఒకటి, రాజుకి కనపడినది ఇంకొకటి. నా ఓటు రాజుకే.

మొదటిరోజు సాయంత్రం సంధ్య వార్చడానికి పెద్ద ఇబ్బంది రాలేదు. సంకల్పంలో మనం ఉన్నచోటు చెప్పుకోవాలి కదా, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో కూడా చెప్పాలి. గ్రీసు శ్రీశైలానికి వాయవ్యం. ఆ మాట మారిస్తే సరిపోయింది. మర్నాడు పొద్దున అసలు తిప్పలు వచ్చాయి. ఓడ ఓ దీవి ముందు లంగరు వేసి ఉంది. తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని జపానికి కూర్చున్నాను. నూట ఎనిమిది అయ్యేసరికి ఎండ ఎడమ చెవి మీద పడుతోంది. నేను కదల్లేదు, ఓడే తిరిగింది. లంగరు వేసిన ఓడ గాలి ఎటు వీస్తే అటు ముక్కు తిప్పుకుంటుందని అప్పుడే తెలిసింది. సర్దుకుని మళ్ళీ తూర్పుకి తిరిగేసరికి, తువ్వాళ్ళు మడతపెడుతున్న కుర్రాడొకడు ఆగి చూస్తున్నాడు.

"మీరు తెలుగోలేనేటండి?" అన్నాడు.

శ్రీకాకుళం జిల్లా, కవిటి అవతల ఏదో పల్లె. ఉద్దానం. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఆ ప్రాంతం నుంచి ఓడల మీదికి పోయే కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళ తాత కూడా రంగం వెళ్ళినవాడేనట. జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, 1942లో లక్షలమంది మనవాళ్ళు అడవుల్లో పడి కాలినడకన వచ్చారే, వాళ్ళలో ఒకడు. "నడిసొచ్చీసినాడండి. కాళ్ళు ఆకరిదాకా వాచినే ఉండీవంట." కాళ్ళకింది చెక్క చూపించి ఇది బర్మా టేకు అన్నాడు. తాత అక్కడ కలప కోత మిల్లులో చేశాడా అని ఆశగా అడిగాను. కాదట, ధాన్యం మూటలు మోశాడట. మనం అనుకున్నట్టు కథలు కుదరవు.

ఆ రాత్రి గాలి లేచింది. వేసవిలో ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలిని అక్కడ మెల్టెమి అంటారు. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, నక్షత్రాలు హాయిగా ఉంటాయి, కింద మాత్రం సముద్రం ఉడికిపోతుంటుంది. పెద్ద ఓడకి అది లెక్కలోది కాదేమో, మాది చిన్నది. నా భోజనం మొత్తం క్యాబిన్‌లో ఖరీదైన తివాచీ మీద పడింది. గంట నొక్కింది మా ఆవిడ. వచ్చింది ఆ కుర్రాడే. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక గుడ్డతో ఎత్తి, ఇంకో గుడ్డతో తుడిచి, ఏదో పొడి చల్లి, మళ్ళీ తుడిచాడు. "నువ్వొద్దు నాయనా, నేను చేసుకుంటాను" అంటూనే ఉన్నాను, కానీ లేవలేకపోయాను. పడుకుంటే తిప్పుతోందంటే వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాడు. తెల్లవార్లూ అలాగే కూర్చున్నాను. పొద్దున పైకి తీసుకెళ్ళి, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసేచోటు చూస్తూ నిలబడమన్నాడు, కూర్చుంటే మళ్ళీ వస్తుందట. నిలబడ్డాను. స్నానం మూడుసార్లు చేయాల్సి వచ్చింది, కారణం చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి తట్టింది, బౌధాయనుడు చెప్పింది తు.చ. తప్పకుండా జరుగుతోందని.

ఆ పూటే డీలోస్ దీవి చూపించారు. రబ్బరు పడవలో దింపారు, నీరసంగానే నడిచాను. మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని రాళ్ళ దిబ్బ. అపోలో దేవుడు పుట్టినచోటు. ఇప్పటికీ యాత్రికులు రాత్రి ఉండటానికి వీల్లేదు. క్రీస్తుకి పూర్వం 426 ప్రాంతంలో ఏథెన్స్ వాళ్ళు ఈ దీవిని శుద్ధి చేశారు. సమాధులన్నీ తవ్వించి, పక్కనే కనపడే రెనియా అనే దీవికి తరలించారు. ఇకమీదట డీలోస్‌లో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదని శాసనం చేశారు. నెలలు నిండినవాళ్ళనీ, చావు దగ్గరపడినవాళ్ళనీ పడవలో రెనియాకి దాటించాలి. గైడు ఇది ఓ వింతగా చెప్పింది. మా గుంపులో మిగతావాళ్ళు ఆశ్చర్యపోయారు. మేమిద్దరం ఆశ్చర్యపోలేదు. పురుడు, మైల. మాకు తెలియనిదా?

తర్వాత ఆమె చెప్పిన మాటకి మాత్రం అక్కడున్న ఓ రాయి మీద కూర్చుండిపోయాను. రోమన్ల కాలంలో ఇదే దీవి పన్నుల్లేని రేవు అయింది, బానిసల సంత అయింది. ఒక్కరోజులో పదివేలమందిని దింపి, అమ్మి, పంపగల సంత అని స్ట్రాబో అనే పాత భూగోళ రచయిత రాశాడు. ప్రసవిస్తే మైలపడే నేల అది. తల్లినీ బిడ్డనీ విడదీసి అమ్మినా ఆ నేల మైలపడలేదు. మన సముద్రదోషం లెక్కా ఈ గ్రీకు లెక్కా ఒకే చేత్తో రాసినట్టు ఉన్నాయి. శుద్ధి అన్నది లోపల పంక్తిలో కూర్చున్నవాళ్ళ వ్యవహారం. మూట మోసేవాడు అసలు లెక్కలోకే రాడు, కాబట్టి వాడికి దోషమూ లేదు.

రాత్రికి కాస్త తేరుకున్నాను. మూడు పూటలుగా కడుపులో ఏదీ నిలవలేదు. కుర్రాడు ఓ గిన్నె తెచ్చాడు. పనివాళ్ళ కోసం వండుకున్న అన్నంలో గ్రీకు పెరుగు కలిపి, అది మరీ గట్టిగా ఉంటుందని నీళ్ళు పోసి పల్చన చేసి, ఉప్పేశాడు. అల్లం ముక్క కూడా ఎక్కడో సంపాదించాడు. నాలుగో పూట. నేను తింటుంటే గుమ్మం దగ్గర నిలబడి, వెళ్ళకుండా, అడిగాడు.

"బాబూ, ఓ మాటడుగుతాను, తప్పనుకోకండి. మీరు సదువుకున్నోలు. మా నాన పోయినాడండి మొన్న ఫిబ్రవరిలో. నేనప్పుడు సీషెల్స్ కాడ ఓడ మీదున్నాను. ఫోన్లో సూసినాను. ఇంటికెల్లీసరికి మా తమ్ముడు అన్నీ సేసీసినాడు. మైల ఎప్పుటి కాణ్ణుంచి లెక్కండి? నాన పోయినకాణ్ణుంచా, నాను ఓడ దిగినకాణ్ణుంచా?"

ఇది నాకు తెలిసిన ప్రశ్న. జవాబు కూడా ఉంది. తల్లిగాని తండ్రిగాని పోతే, కొడుకు ఎంత దూరాన ఉన్నా, కబురు విన్న రోజు నుంచి పదిరోజులు. ఆ మాట చెప్పాను. చెబుతుంటేనే ఓ సంగతి తట్టింది. సముద్రం దాటొద్దన్న శాస్త్రమే దూరాన ఉన్న కొడుకు కోసం ఓ నియమం రాసిపెట్టింది. దూరం వెళ్ళక తప్పని కొడుకులు ఉంటారని ఎవరో ఒకరు ఆలోచించి ఉంటారు.

అతను వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "అయితే ఆ పదిరోజులూ నాను టిఫిన్లు ఎట్టీసినానండి. తెలిసే ఎట్టినాను. సెలవడిగితే మనిసి లేడన్నారు."

దానికీ నియమం ఉంది. చేతిపనివాళ్ళకీ, వైద్యులకీ, దాసదాసీలకీ, మంగళ్ళకీ పని విషయంలో సద్యఃశౌచం. అప్పటికప్పుడే శుద్ధి. రాజుకి కూడా అంతే. కాలేజీలో దీన్ని శాస్త్రంలో ఉన్న దయకి ఉదాహరణగా చెప్పేవాణ్ణి. పదిరోజులు కూలి పోతే పేదవాడు ఎలా బతుకుతాడని ఆలోచించారు చూశారా అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి గిన్నె చేతిలో పెట్టుకుని చూస్తే అందులో యజమాని కూడా కనపడ్డాడు. గడ్డం గీసే పని ఆగకూడదు, వడ్డన ఆగకూడదు. ఈ నియమం పనివాడికి దోషం లేకుండా చేసింది. ఏడవడానికి ఒక్కరోజు సెలవివ్వమని మాత్రం యజమానికి చెప్పలేదు. దయ, సౌకర్యం రెండూ ఒకే సూత్రంలో ఉన్నాయి. ఏది ఎంత పాలు అని అడిగితే నేను తేల్చలేను. తేల్చగలననుకుని ముప్ఫై ఒక్క ఏళ్ళు జీతం తీసుకున్నాను.

"నీకేం దోషం లేదు నాయనా" అన్నాను.

"మరి తిన్నోలకండి?"

"తిన్నవాళ్ళకీ లేదు." నోట్లో అతను కలిపి తెచ్చిన అన్నమే ఉంది.

నేను ఆ సద్యఃశౌచం గురించి ఇంకా ఏదో వివరించబోతుంటే మా ఆవిడ మంచం మీదనుంచి అడిగింది: "మీ అమ్మ దగ్గర ఎవరుంటున్నారు బాబూ?" అతను అక్కడే గడప మీద కూర్చుని పావుగంట చెప్పాడు. జీడితోట, కిడ్నీ జబ్బు, టెక్కలికి డయాలసిస్‌కి తీసుకెళ్ళిన ఆటో, కొబ్బరిచెట్లు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది. నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు.

చివరిరోజు పొద్దున క్యాబిన్‌లో ఓ కవరు పెట్టారు, పనివాళ్ళకి ఇవ్వదలిచింది అందులో వేయాలి. మా వంశమంతా దక్షిణ పుచ్చుకుని బతికింది. ఇవ్వడం ఎలాగో నాకు సరిగా రాదు. వంద యూరోల నోటు పెట్టి, సున్నాతో ముగియకూడదని ఒక యూరో బిళ్ళ కలిపాను. తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు కవరు ఊపి, బిళ్ళ చప్పుడు విని నవ్వాడు. అదంతా నీకేనా అని అడిగాను. కాదట, ఓడలో వచ్చిన కవర్లన్నీ ఒకచోట పోసి పద్ధెనిమిది మందీ సమంగా పంచుకుంటారట. నేనిచ్చిన దాంట్లో అతని వాటాకి ఆరు యూరోలు కూడా రాదు.